చప్పుడు తినే ఇల్లు

మా వీధి చివర ఒక ఇల్లుంది. చీకటి పడ్డాక దాని ఊసెత్తితే మా అమ్మ ఇప్పటికీ కసురుకుంటుంది. "నోరు మూసుకుని అన్నం తినవే, ఇప్పుడెందుకు ఆ గోల" అంటుంది.

దానికి చప్పుడు తినే ఇల్లని పేరు. ఆ హాల్లో నిలబడి గొంతు చించుకుని అరిచినా, నాలుగడుగుల దూరంలో ఉన్నవాళ్ళకి నీళ్ళ అడుగునుంచి పిలిచినట్టు ఉంటుందట. అలారం పెట్టుకుంటే మోగుతుంది గానీ మెలకువ రాదట. అదలా ఉంచండి. ఇంట్లో ఎవరూ లేని రాత్రిళ్ళు మాత్రం లోపల్నించి... దబ్... దబ్... దబ్... అని, ఎవరో తీరిగ్గా కూర్చుని నేల మీద కొడుతున్నట్టు వినపడేది. పగలంతా తిన్న చప్పుళ్ళని రాత్రి కక్కుతోందని ఆ పక్కింటి టైలరమ్మ తేల్చి చెప్పేసింది.

మూడు కుటుంబాలు దిగాయి. మూడూ ఏడాది తిరక్కుండా ఖాళీ చేశాయి. ఆఖరున వెళ్ళిన గుమాస్తా స్టవ్ మీద పాలు పెట్టి, పాలు పొంగేలోపే పెళ్ళాం పిల్లల్తో రోడ్డు మీదికి వచ్చేశాడని చెప్తారు. అది నేను చూడలేదు. మాడి బొగ్గయిన గిన్నె మాత్రం ఆ గేటు దగ్గర చాలా రోజులు పడి ఉంది — అది చూశాను.

ఇదంతా మా మేనత్త ముందు చెప్పి చూడండి! "దెయ్యమా? ఎన్ని వోల్టులు?" అని అడుగుతుంది.

మా మేనత్త రేడియోలు, యాంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేస్తుంది. చేతిలో వైర్లు అతికే, పొగలు కక్కే సోల్డరింగ్ కడ్డీ లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూడలేదు కాబట్టి వీధి వీధంతా సోల్డరత్త అనే పిలుస్తుంది. నేనిప్పుడు చెప్పేది ఆవిడ నోట విన్నదే. ఆవిడకి నోటి దురుసు ఉంది, కోపం ముక్కు మీద ఉంది, కానీ చచ్చినా అబద్ధం చెప్పదు. అందుకని నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు... మధ్యలో మాత్రం నవ్వకండి. నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఇంట్లో నాలుగోసారి అద్దెకి దిగింది డ్రమ్ముల మాష్టారు.

డెబ్భై దాటిన మనిషి. ఆర్కెస్ట్రాల్లో యాభై ఏళ్ళు డ్రమ్ములు కొట్టి కొట్టి, చివరికి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. మనిషి మాట వినపడదు. కాలింగ్ బెల్ వినపడదు. చెవికి మిషన్ పెడితే ఈల తప్ప ఇంకేమీ రాదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు, అంతే. చప్పుళ్ళలో ఆయనకి మిగిలింది ఒక్కటే — లోతు దెబ్బ. పెద్ద డ్రమ్ము మీద కాలితో కొట్టే దెబ్బ. అది చెవికి కాదు, అరికాళ్ళకి తెలుస్తుంది. పక్కటెముకలకి తెలుస్తుంది.

అందుకని ఒక వూఫర్ చేయించుకున్నాడు. పాటలో ఉన్న లోతు దెబ్బల్ని మాత్రమే మోగించే పెట్టె అది, దగ్గరుండి వడ్రంగి చేత చేయించాడు, బట్టల మూటంత ఉంటుంది. రోజూ సాయంత్రం టేపు సెట్టు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, తను వాయించిన పాత టేపులు వట్టి కాళ్ళతో వినేవాడు.

ఇంటి ఓనరు ఆయన్ని చూసి పండగ చేసుకున్నాడు. "చెవిటాయన్ని దెయ్యం ఏం చేస్తుందిలే" అని పక్కనున్న బ్రోకరుతో గొణిగాడట. మాష్టారు ఆ పెదాలు చూశాడు. "దాన్ని నేనేం చేస్తానో అది అడగండి" అని తాళాలు లాక్కున్నాడట.

రెండు నెలలకి మాష్టారు మా అత్త షాపుకొచ్చాడు. ఆయన గొంతు ఆయనకి వినపడదు కదా... గుసగుసలాడుతున్నాననుకుని వీధంతా మార్మోగేలా మాట్లాడతాడు.

"అమ్మాయ్! రహస్యం. ఎవరితో అనకు. నా పెట్టె నీరసపడిపోయింది!"

ఎదురుగా చెప్పులు కుట్టించుకుంటున్నాయన కూడా తలెత్తి చూశాడు.

"పాత ఇంట్లో నన్ను కుర్చీలోంచి ఎత్తి కుదేసేది. ఈ ఇంట్లో దిగిన రోజు నుంచి పిల్లి నడిచినట్టుంది. మర ఎంత తిప్పినా అంతే" అన్నాడు. "రేపు పొద్దున్న నా కూతురు వస్తోంది. ఊరికి ఆ చివర అయిదో అంతస్తులో ఉంటుంది. తనతో వచ్చెయ్యమంటోంది. కింద ఇంట్లో పసిపిల్లలున్నారట, పెట్టె మాత్రం తేవద్దంది. 'ఎలాగూ నీకు వినపడ్డం లేదుగా నాన్నా, ఆ పాడు ఇంట్లో ఒక్కడివీ ఎందుకు' అంటుంది. దాని మాటా నిజమే. నేనేం చెప్పను? దానికి నా మీద ప్రేమ. కానీ అమ్మాయ్... ఆ పెట్టె కూడా పోతే నాకింక ఏమీ వినపడదు. ఏమీ."

మా అత్త చేతిలో కడ్డీ పక్కన పెట్టేసిందట. ఆవిడ అలా చెయ్యడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన మొహానికెదురుగా నిలబడి ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"రాత్రికి వస్తాను. పగలు ఈ లారీల హోరులో లోతు దెబ్బ పట్టుకోలేను. తెల్లారేసరికి మీ పెట్టె మోగుతుంది. మీరెక్కడికీ వెళ్ళరు."

రాత్రి పదింటికి చీర మీద పని కోటు తొడుక్కుని, సామాను సంచీ భుజానేసుకుని బయల్దేరింది. గేటు దగ్గర టైలరమ్మ కాపు కాసి ఉంది. చెయ్యి పట్టుకుని లాగింది.

"వెళ్ళకు వదినా..." గొంతులోంచి గాలి తప్ప మాట రావట్లేదు. "హాల్లో ఆ మూల గది ఉంది చూశావా... ఓనరు తలుపుకి మేకులు కొట్టించాడు."

"ఎందుకట?"

"లోపల ఏదో ఉండబట్టేగా!"

"ఉంటే అద్దె కట్టమను," అని మా అత్త చెయ్యి విదిలించుకుని లోపలికి పోయింది.

పెద్ద హాలు. సున్నం గోడలు. ఒక పక్క కిటికీ కింద రెండు స్పీకర్లు, మధ్యలో ఆ వూఫర్. ఎదురుగా గది నడిబొడ్డున మాష్టారి కుర్చీ. ఆ చివర మూలలో మేకులు కొట్టిన తలుపు. నాలుగు మేకులు — వంకరగా, తొందరగా కొట్టినట్టు ఉన్నాయి.

మా అత్త టేపు పెట్టింది. స్పీకర్లు బాగానే పాడాయి. వూఫర్... మాష్టారు చెప్పింది నిజమే. బతికుంది గానీ ప్రాణం లేదు.

యాంప్లిఫయర్ వెనక వైరు ఊడొచ్చిందేమో చూసింది. లేదు. వైరు లోపల తెగిందేమో మీటరు పెట్టి చూసింది. బాగుంది. ప్లస్సు మైనస్సు తారుమారయ్యాయా? లేదు. లోతు చప్పుడు తగ్గించే మర ఎవరైనా తిప్పేశారా? లేదు. టార్చి వేసి పెట్టె ముందున్న కోనుని, అదే అదిరే అట్ట గరాటుని, వేళ్ళతో నెమ్మదిగా నొక్కి చూసింది. చిరగలేదు, బిగుసుకోలేదు. పెట్టెలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

చివరికి ఆ పెట్టెని ఈడ్చుకుంటూ వరండాలోకి తీసుకెళ్ళి అక్కడ మోగించింది. ధబ్! ధబ్! ధబ్! — వరండా రేకులు గలగలలాడాయి. రోడ్డవతల కుక్క లేచి మొరిగింది.

మళ్ళీ హాల్లోకి తెచ్చింది.

చచ్చిపోయింది.

అప్పుడు... అప్పుడు ఒక్క క్షణం మా అత్తకి మెడ వెనక చల్లగా తగిలిందట. అదే పెట్టె, అదే వైరు, అదే పాట. గుమ్మానికి అటు మోగుతుంది, ఇటు మోగదు. మాష్టారు ఆవిడ మొహమే చూస్తున్నాడు.

"ఇల్లు తినేస్తోందా, అమ్మాయ్?"

దాంతో మా అత్తకి ఎక్కడలేని కోపం వచ్చింది. "నా వూఫర్‌ని తినే ఇల్లు ఇంకా కట్టలేదు," అని కొంగు బిగించింది. కుర్చీలోంచి ఆయన్ని లేపింది. ఆ బరువు పెట్టెని అమాంతం ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది.

ఇది వాళ్ళ పనిలో ఒక పద్ధతి. లోతు చప్పుడు గదంతా సమంగా పరుచుకోదు. గోడల్ని కొట్టి వెనక్కొచ్చి కొన్నిచోట్ల పోగవుతుంది, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టుకుని సున్నా అయిపోతుంది. మాష్టారి కుర్చీ అలాంటి సున్నాలో పడిందేమో! అలాగైతే పెట్టెని ఎక్కడ పెట్టాలో తెలుసుకునే దారి ఒకటే. మనిషి కూర్చునే చోట పెట్టెని కూర్చోబెట్టి మోగించాలి. పెట్టె పెట్టదగ్గ చోట్లన్నీ మనిషి పాకి వెతకాలి, చెవి నేలకి దగ్గరగా పెట్టుకుని. ఎక్కడ దెబ్బ బలంగా తగిలితే అక్కడికి పెట్టె మార్చాలి. అప్పుడు కుర్చీలో అంతే బలంగా తెలుస్తుంది.

ట్యూబులైటు గుయ్యిమంటోందని లైటు ఆర్పేసింది. ఫ్యాను ఆపేసింది. జుట్టుముడి ఊడిపోయినా పట్టించుకోకుండా, చేతిలో సుద్దముక్కతో, మోకాళ్ళ మీద గోడవారగా పాకడం మొదలుపెట్టింది.

ఇక్కడ... ఇక్కడ... లేదు. కిటికీ కింద... లేదు. బీరువా పక్కన కొంచెం... కొంచెం... మళ్ళీ పోయింది.

సరిగ్గా అప్పుడే టైలరమ్మకి ఉండబట్టలేదు. ఏమైందో చూద్దామని కిటికీ చువ్వల్లోంచి తొంగి చూసింది. ఏం కనపడి ఉంటుందో మీరే ఊహించుకోండి. చీకటి హాలు. నడిమధ్య కుర్చీలో తలా మొహం లేని నల్లటి ఆకారం కూర్చుని 'ధబ్ ధబ్' అంటోంది. దాని చుట్టూ జుట్టు విరబోసుకుని ఇంకోటి నాలుగు కాళ్ళ మీద పాకుతోంది...

"అమ్మో!" అని కెవ్వున కేక.

నేల మీది నుంచి మా అత్త అరిచింది — "నోర్ముయ్యవే, వినపడి చావట్లేదు!"

దెయ్యమే తనని తిట్టిందని టైలరమ్మ ఒక కాలి చెప్పుతోనే ఇంటికి పరిగెత్తింది. ఆ రాత్రి ఆవిడ భర్త వాకిట్లో మంచం వేసుకుని కర్రతో కాపలా కాశాడట. మీరు నవ్వుతారని నాకు తెలుసు. ఇప్పటికి నవ్వండి, ఫర్వాలేదు.

పాకుతూ పాకుతూ మా అత్త చివరి మూలకి చేరింది. మేకులు కొట్టిన తలుపు దగ్గరికి.

అక్కడ ఉంది.

ధబ్! దెబ్బ ఛాతీ మీద చరిచినట్టు తగిలింది. ఒక జానెడు వెనక్కి వెళ్ళి చూసింది, తగ్గింది. మళ్ళీ ముందుకొచ్చింది... ధబ్! చెయ్యి చాచి తలుపు మీద ఆనించింది. చెక్క చల్లగా ఉంది. ఆ తలుపు ముందే, నేల మీద, సుద్దతో ఇంటూ గుర్తు పెట్టింది.

"దొరికింది మాష్టారూ! మీ ఇంటికి ఏ రోగమూ లేదు. మీరు కూర్చున్న చోటు మంచిది కాదు, అంతే."

పెట్టెని ఆ గుర్తు మీదికి ఈడ్చింది. అక్కడిదాకా వైరు చాలలేదు. వెనక మూత విప్పి, కొత్త వైరు ముక్క అతికి, టేపు చుట్టి, మూత బిగించింది. స్విచ్చి వేసింది. కుర్చీలో మాష్టార్ని కూర్చోబెట్టి పాట మొదటి నుంచి పెట్టింది.

ఒక్క క్షణం ఏమీ లేదు.

తర్వాత... ధబ్.

మాష్టారి అరికాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. ధబ్... ధబ్... ధబ్. కుర్చీ చేతుల్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ముసలి మొహం అంతా వెలుగొచ్చేసింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. పాట సగంలో ఒకచోట మాత్రం ఉలిక్కిపడి, కనుబొమలు ముడిచి, మూల గది తలుపు వైపు చూశాడట. అది కూడా ఒక్క రెప్పపాటే. మళ్ళీ నవ్వేశాడు.

"వచ్చేసింది అమ్మాయ్!" అని రహస్యంగా వీధికంతా చెప్పాడు.

మా అత్త ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. గెలిచిన మనిషి ఎలా వస్తుందో అలా వచ్చింది, గేటు కూడా కాలితోనే తన్నింది. పని కోటు విప్పి మేకుకి తగిలించబోతే, జేబులో ఏదో చిన్నగా టిక్కుమంది. చెయ్యి పెట్టి తీసింది.

ఫ్యూజు.

వేలి కణుపంత గాజు గొట్టం. చూస్తూ నిలబడిపోయింది.

పెట్టె మూత విప్పగానే లోపలి ఫ్యూజు తీసి జేబులో వేసుకోవడం మా అత్తకి పాతికేళ్ళ అలవాటు. తను లోపల చెయ్యి పెట్టి ఉండగా పొరపాటున ఎవరైనా స్విచ్చి వేసినా కరెంటు రాకూడదని. పని అయ్యాక మళ్ళీ పెట్టి మూత బిగించాలి. పెట్టలేదు. కనిపెట్టడానికి ఆ పెట్టెకి దీపం కూడా లేదు, చేయించిన పెట్టె కదా. లోతు చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో ఎంత చెయ్యి తిరిగిన మెకానిక్ చెవైనా చెప్పలేదు. పెట్టె ఆ మూల ఉంది, దెబ్బ వినపడింది, పెట్టే మోగుతోందనుకుంది.

ఫ్యూజు లేకుండా ఆ పెట్టె మోగదు. మోగడానికి వీల్లేదు.

మరి...?

"కాళ్ళు చల్లబడిపోయాయే," అని చెప్పింది మా అత్త నాతో. "ఒప్పుకుంటున్నా. గోడకి చేరబడి కూర్చున్నా. నీళ్ళు తాగుదామంటే చెంబు దాకా లేవలేకపోయా." తెల్లవార్లూ ఆ ఫ్యూజు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. భయం వేసింది... భయం మీద సిగ్గు వేసింది. తెల్లారేసరికి ఆ రెండూ పోయి కోపం మిగిలింది. 'బాగుచేశాను' అని చెప్పి వచ్చింది తను. చేసింది ఇంకెవరో! పాతికేళ్ళలో తన పని ఇంకొకళ్ళ చేత చేయించుకోలేదు.

ఆరింటికల్లా మాష్టారి ఇంట్లో ఉంది.

కూతురు అప్పటికే వచ్చేసింది. చేతిలో సంచీ ఉంది గానీ మొహం తేలికపడి ఉంది. మాష్టారు కుర్చీలో ఉన్నాడు. పాట మోగుతోంది. ధబ్... ధబ్... ధబ్.

"మీరేనా సోల్డరత్తగారు?" అంది కూతురు నవ్వుతూ. "ఏం చేశారండీ! నాన్న రాత్రంతా నిద్రే పోలేదట. సరేలెండి, ఇంత బాగా వినపడుతుంటే ఇక్కడే ఉండమందామనుకుంటున్నా..."

మా అత్త అక్కడితో వెనక్కి తిరిగి రావచ్చు. ఆ మాటతో పని అయిపోయింది. మాష్టారు ఉండిపోతాడు. ఎవరికీ ఏమీ తెలియదు.

కానీ ఆవిడ అబద్ధం చెప్పదని మీకు ముందే చెప్పాను కదా.

పెట్టె దగ్గరికెళ్ళి మూత విప్పింది. ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. అరచెయ్యి తెరిచి గాజు గొట్టం చూపించి, రాత్రి జరిగిందంతా కూతురికి చెప్పింది. పాట సాగుతూనే ఉంది. కూతురి చెయ్యి పట్టుకుని పెట్టె మీద ఆనించింది. పెట్టె కదలట్లేదు. అదరట్లేదు. చల్లగా, మొద్దులా ఉంది.

ధబ్... ధబ్... ధబ్...

కూతురు చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాన్నా," అంది. తండ్రికి ఎదురుగా వెళ్ళి, పెదాలు వణుకుతుంటే మళ్ళీ అంది. "నాన్నా, లే. ఏమీ సర్దక్కర్లేదు. ఈ క్షణం బయల్దేరు. అది పెట్టె కాదు..."

"తెలుసు," అన్నాడు మాష్టారు.

వేలితో టేపు వైపు చూపించాడు.

"ఈ టేపులో ఒకచోట నా కాలు జారింది. ఒక దెబ్బ పడలేదు. నలభై ఏళ్ళ నుంచి ఆ చోటు రాగానే నాకు సిగ్గేస్తుంది. రాత్రి... ఆ దెబ్బ పడింది." ఆయన గొంతు మొదటిసారి నిజంగానే తగ్గింది. "ఇది నేను వాయించింది కాదని అప్పుడే తెలిసింది."

"తెలిసి కూడా రాత్రంతా ఇక్కడే కూర్చున్నావా?"

"నేను వెళ్ళను. పోలీసుల్ని పిలుచుకో, అల్లుణ్ణి పిలుచుకో, ఓనర్ని పిలుచుకో. యాభై ఏళ్ళు ఎంతమందితో వాయించలేదు? తాగుబోతులతో వాయించాను. నా మొహం చూడనివాళ్ళతో వాయించాను. పక్కన ఎవడు కూర్చున్నాడని ఏనాడూ అడగలేదు. తాళంలో ఉన్నాడా లేదా, అదే అడిగాను. వీడు ఉన్నాడు. ఇంత లోకంలో నాకు వినపడేది ఇదొక్కటి. దీన్ని కూడా వదిలేసి నీ అయిదో అంతస్తులో కూర్చుని గోడలు చూడమంటావా?"

కూతురు ఏడ్చేసింది. "నీకేమైనా అయితే నాన్నా..." అంది.

మా అత్త ఇంక ఆగలేదు. సంచీలోంచి పట్టకారు తీసి, మూల గది తలుపుకున్న నాలుగు మేకులూ ఒకదాని తర్వాత ఒకటి పీకి పారేసింది. గడియ లాగింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

చిన్న గది. కిటికీ లేదు. పైపు లేదు. అవతల ఇంకో ఇల్లు లేదు. సిమెంటు నేల మీద వేలెడు మందాన దుమ్ము... ఆ దుమ్ములో ఒక్క అడుగు గుర్తు లేదు, ఎలక తిరిగిన గుర్తు కూడా లేదు.

ధబ్... ధబ్... ధబ్...

ఆ ఖాళీ గదిలోంచే. వాళ్ళ కళ్ళ ముందే. ఒక్కో దెబ్బకీ నేల మీద దుమ్ము సన్నగా ఎగిరి మళ్ళీ సర్దుకుంటోంది.

కూతురు వెనక నుంచి మా అత్త భుజం పట్టుకుంది, గోళ్ళు దిగేలా. మా అత్త మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు. నడుం మీద చెయ్యేసుకుని ఆ గదికేసి చూస్తూ అంది —

"రాత్రి ఏదో సాయం చేశావు, సంతోషం. కానీ ఈ సెట్టు రిపేరు ఒప్పుకున్నది నేను. నా పని నేనే చేసుకుంటా."

గబగబా వచ్చి ఫ్యూజు పెట్టింది, మూత బిగించింది, స్విచ్చి వేసింది. ఈసారి పెట్టె మీద చెయ్యి పెట్టి చూసుకుంది. అదురుతోంది. నిజంగా, దిట్టంగా మోగుతోంది.

మాష్టారు కళ్ళు మూసుకున్నాడు.

"ఇద్దరయ్యారు," అన్నాడు.

గదిలోంచి ఒకటి, పెట్టెలోంచి ఒకటి. ధబ్‌ధబ్... ధబ్‌ధబ్... మాష్టారి మొహం చిరాగ్గా మారింది. చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఒకళ్ళు వెనకపడుతున్నారు. వినలేకపోతున్నా."

"ఆ గదిదేగా?" అంది మా అత్త పెదాలు కనపడేలా.

"కాదమ్మాయ్. నీ పెట్టే."

మా అత్తకి తల తీసేసినట్టయింది. నమ్మలేదు. కూతురి వైపు తిరిగింది. డ్రమ్ముల చప్పుడులో నిద్రపోయి, డ్రమ్ముల చప్పుడుకి లేచి పెరిగిన పిల్ల ఆవిడ. మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి అరచెయ్యి ఆనించింది. చాలాసేపు కదల్లేదు. ఏడుపు ఎప్పుడు ఆగిపోయిందో ఆవిడకే తెలిసినట్టు లేదు.

"అవునండీ," అంది మెల్లగా. "పెట్టెదే లేటు. గదిలోది... సరిగ్గా ఉంది."

అలాంటి పెట్టెలకి వెనక ఒక చిన్న మర ఉంటుంది. పెట్టె దెబ్బని మిగతా స్పీకర్లతో కలిసేలా వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరపడానికి. చోటు మార్చినప్పుడు దాన్ని కూడా సరిచేయాలి. మా అత్త సరిచేయలేదు — ఫ్యూజే మర్చిపోయిన మనిషికి ఇంక మర ఏం గుర్తుంటుంది! పళ్ళు నూరుకుంటూ పెట్టె వెనక కూలబడి స్క్రూడ్రైవర్ పెట్టింది. అటు తిప్పింది. ఇటు తిప్పింది. రెండు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే తనది ఏదో, గదిది ఏదో తెలియట్లేదు.

చిర్రెత్తుకొచ్చింది. తలుపు వైపు తల తిప్పి గట్టిగా కసిరింది.

"ఏయ్! ఎవరైతే వాళ్ళు! ఒక్క నిమిషం ఆగు, సరిచేసుకోనీ!"

గదిలో దెబ్బ ఆగిపోయింది.

పాట ఆగలేదు. స్పీకర్లు పాడుతూనే ఉన్నాయి, పెట్టె ఒక్కటీ మోగుతూనే ఉంది. గదిలోది మాత్రం ఆగింది. కూతురు ఊపిరి బిగబట్టింది. మా అత్త మాత్రం మర వదల్లేదు. మాష్టారి మొహం చూస్తూ కాస్త తిప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంకాస్త తిప్పింది. ఇంకొంచెం... ఆయన వేలు పైకెత్తాడు. చాలు.

మా అత్త స్క్రూడ్రైవర్ కింద పెట్టి, ఆ తెరిచిన తలుపు చీకటికేసి చూసింది.

"ఊఁ," అంది. "ఇప్పుడు కొట్టు."

ధబ్.

ఒక్కటే దెబ్బ. గదీ పెట్టే కలిసి. కిటికీ రెక్కలు అదిరాయి, కుర్చీ అదిరింది, మాష్టారు పసిపిల్లాడిలా పెద్దగా నవ్వాడు.

కూతురు చేతిలో సంచీ కింద పెట్టేసింది. ఆ ఖాళీ గది వైపు ఒకసారి, నాన్న వైపు ఒకసారి చూసి, చెంపలు తుడుచుకుంది.

"మళ్ళీ మొదటి నుంచి పెట్టండి," అంది.